రెండు వేళ్ల సందు

ల్యాబమ్మ గాజు గొట్టం ముందు వంగి, ఒక కన్ను మూసి, గీత చదివింది. నలభై అయిదు. నిటారుగా లేచి, ఒక్క క్షణం ఆగి, మళ్లీ వంగి చదివింది. గొట్టంలో రంగు నీళ్లకు మొహమాటం లేదు. నిన్న ఎక్కడ ఆగాయో ఇవాళా అక్కడే ఆగాయి.

"ఎంతమ్మా?" అన్నాడు డాక్టరుగారు, స్టూలు మీద కూర్చుని ఫ్లాస్కు మూతలో టీ ఊదుకుంటూ.

"తెలీనట్టు అడుగుతారేంటి బాబాయ్. నలభై అయిదే. వాళ్లకి కావల్సింది నలభై ఎనిమిది. ఎక్కణ్ణించి తేను?"

ఆయన వైద్యం చదివిన డాక్టరు కాదు. ఈ గ్యాసు విద్యుత్ కేంద్రంలో ముప్ఫై ఒక్క ఏళ్లుగా టర్బైను చూసుకునే ఆపరేటరు. పొడుగాటి స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, యంత్రం లోపల ఎక్కడ నలతగా ఉందో చెప్పేస్తాడని ఎవరో ఆ పేరు పెట్టారు. అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా మిగల్లేదు. రెండు నెలల్లో ఆ కాగితం కూడా ఉండదు, పదవీ విరమణ.

పొద్దున్నే టర్బైను చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, ల్యాబుకొచ్చి అరమూత టీ తాగితేగాని ఆయనకు రోజు మొదలైనట్టు ఉండదు. టీ ల్యాబమ్మ ఇంటి నుంచి తెస్తుంది. అది తాగుతూ ఆమె పని చూడటం ఆయనకు ఇష్టం. సీసాలోంచి తేనె రంగు ద్రావణాన్ని పిపెట్టు అనే సన్నటి గొట్టంతో పీల్చి, కొలిచి, దాని మీద చుక్క చుక్కగా యాసిడ్ వదులుతుంది. ద్రావణం బుసబుసమని పొంగుతుంది. పొంగినప్పుడు పుట్టిన గ్యాసు పక్క గొట్టంలో రంగు నీళ్లను కిందికి తోస్తుంది. నీళ్లు ఎన్ని గీతలు దిగితే, పొగలోంచి అంత కార్బన్ డయాక్సైడు పట్టుకున్నట్టు లెక్క.

అంతకుముందు ఆ పొగంతా పాత చిమ్నీలోంచి నేరుగా ఆకాశంలోకి పోయేది. తొమ్మిది నెలల కిందట చిమ్నీలోకి పోయే దారిలో ఇనప గేటొకటి పెట్టి, పొగను పక్కనే కట్టిన కొత్త టవరులోకి మళ్లించారు. అక్కడ పొగ కిందనుంచి పైకి పోతుంటే పైనుంచి ద్రావణం వానలా పడుతూ కార్బన్ డయాక్సైడును తనలో కలుపుకుంటుంది. ఆ ద్రావణాన్ని వేడి చేస్తే గ్యాసు విడిపోతుంది, దాన్ని అదిమి భూమి లోపలికి పంపేస్తారు. పంపిన గ్యాసును కొలిచే మీటరు మొదటి నుంచీ రోగిష్టిదే. మరమ్మతుకు వెళ్లి ఇంకా తిరిగి రాలేదు. అంచేత అది వచ్చేదాకా అందరికీ ల్యాబమ్మ అంకె ఒక్కటే దిక్కు.

ఆ అంకె ఏడు నెలలుగా తక్కువ పలుకుతోంది. ద్రావణం నీరసించిందేమోనని ఎనిమిది డ్రమ్ములు కొత్తది పోశారు. ఫలితం సున్నా.

తలుపు తోసుకుని మేనేజరు వచ్చాడు. కుర్రతనం ఇంకా వదలని మనిషి, మర్యాద తెలిసినవాడు. చెడ్డ కబురు కూడా నవ్వుతూనే చెబుతాడు. కాగితం ఒకటి బల్ల మీద పెట్టి, దాని మీద వేలు ఆనించాడు.

"గురువారం హెడ్డాఫీసు నుంచి మేడమ్ వస్తున్నారు. ఏడు నెలల లెక్క తేల్చాలి. మన దగ్గర అన్నీ సరిగానే ఉన్నాయి, పరీక్షే తప్పు అని తేలింది. ఏమీ అనుకోకండమ్మా, ఈ నెలతో మీ కాంట్రాక్టు ఆపేస్తున్నాం."

ల్యాబమ్మ కాగితం అందుకుని చదివింది. 'పనిలో అజాగ్రత్త' అన్న చోట ఆమె చూపు ఆగిపోయింది. ఆ రెండు మాటలు వెంట పెట్టుకుని వెళ్తే ఏ ల్యాబూ గడప తొక్కనివ్వదు. అది ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

డాక్టరుగారికి ఒళ్లు మండిపోయింది. మూత బల్ల మీద ఠకీమని పెట్టి మేనేజరు వెనకే వరండాలోకి నడిచాడు.

"ఏంటండీ ఇది? ఆ అమ్మాయి పని నేను రోజూ చూస్తున్నాను. చుక్క అటూ ఇటూ కాదు. ఎవరి తప్పో తెలీక దిక్కులేనిదాని నెత్తిన రుద్దుతారా?"

"గురువుగారూ, మీరే చెప్పండి" అన్నాడు మేనేజరు ఓపిగ్గా. వేళ్లు మడుస్తూ లెక్క చెప్పాడు. "ఎంత గ్యాసు కాలుతోందో మీటరు చెబుతోంది, అది తప్పు కాదు. టవరులోకి వెళ్లిన పొగలో నూటికి తొంభై వంతులు పట్టుకుంటున్నాం, టవరు మీదున్న ఆ మీటరూ తప్పు కాదు. పాత చిమ్నీ గేటు మూసే ఉంది. మూసి ఉందని షిఫ్టు షిఫ్టుకీ మీరే సంతకం పెడుతున్నారు. మీ సంతకం తప్పవుతుందా? ఇంక మిగిలింది ఏంటి, ఆవిడ చెయ్యేగా?"

డాక్టరుగారి చూపు పాత చిమ్నీ వైపు మళ్లింది. మేనేజరు ఆయన భుజం తట్టి, వెళ్లిపోయాడు.

చిమ్నీ గేటు దగ్గరికి నలభై రెండు మెట్లు. ఆ మెట్లు ఇంత పొడుగ్గా ఎప్పుడూ లేవు. గేటు లోపల ఎలా ఉందో బయటికి కనబడదు; దాని ఇరుసుకి బయటవైపు మోచెయ్యంత ఇనప చెయ్యి ఉంటుంది. గేటు పూర్తిగా మూసుకుంటే ఆ చెయ్యి వచ్చి దిమ్మ మీద ఆనాలి. కానీ దిమ్మకీ చేతికీ మధ్య ఒక బోల్టు తల పొడుచుకొచ్చి ఉంది. డాక్టరుగారు చూపుడు వేలూ మధ్య వేలూ జోడించి ఆ సందులో పెట్టాడు. సరిగ్గా పట్టాయి.

ఆ బోల్టు పైకి తిప్పింది ఆయనే. ఇండికేటరు స్విచ్చిని ఇంత జరిపి, సందు ఉన్నా కంట్రోలు రూములో 'మూసి ఉంది' అన్న పచ్చ దీపం వెలిగేలా చేసిందీ ఆయనే. టవరు వచ్చిన కొత్తలో పొగను లాగే ఫ్యాను ఆగితే, తెరుచుకోవాల్సిన గేటు ఆలస్యం చేసింది. పొగ వెళ్లే దారి లేక ఎదురుతన్ని, టర్బైను ఒక్క కుదుపుతో ఆగిపోయింది. ఆ మూలుగు ఆయన తన చెవితో విన్నాడు. ఇంకోసారి వినలేక స్పానరు తీసుకుని మెట్లెక్కాడు. కొత్తగా పెట్టిన దేన్నీ పూర్తిగా బిగించకుండా యంత్రానికి రెండు వేళ్ల ఊపిరి వదలడం ఆయన తరం ఆపరేటర్ల అలవాటు. పని నేర్పినవాళ్లు అలాగే నేర్పారు. ఆ తర్వాత కంపెనీవాళ్లు వచ్చి గేటు స్ప్రింగు మార్చి వెళ్లారు. బోల్టు మాత్రం అలాగే ఉండిపోయింది.

రెండు వేళ్లే కదా అనుకున్నాడు. ఆ సందు పొడవు గేటు వెడల్పంతా ఉంటుందని, రాత్రీ పగలూ అందులోంచి పొగ పోతూనే ఉంటుందని ఎప్పుడూ ఆలోచించలేదు. చిమ్నీ రేకు మీద అరచెయ్యి ఆనించాడు. చల్లగా ఉండాల్సిన రేకు వెచ్చగా తగిలింది.

ఆ సాయంత్రం ఇంట్లో ఆయన భార్య వీడ్కోలు సభకు కుట్టించిన చొక్కా ఇస్త్రీ చేస్తోంది. కాలరు మీద నీళ్లు చిలకరించి, వేలితో సాగదీసి, మళ్లీ పెట్టె ఆనించింది.

"ఏంటి, ఇవాళ ఉలుకూ పలుకూ లేదు? మీ టర్బైనుకి జలుబు చేసిందా?"

"ఒక అమ్మాయిని తీసేస్తున్నారు."

"ఎవర్ని, టీ ఇచ్చే అమ్మాయినా? ఏం చేసింది పాపం?"

"లెక్క తప్పు చేసిందంటున్నారు."

"తప్పు చేసిందా మరి?"

"లేదు."

"లేదని మీకు తెలిసినప్పుడు, ఆ మాటేదో అక్కడ చెప్పాలిగాని నాకు చెబితే ఏం లాభం?" అని ఆవిడ చొక్కా ఎత్తి దీపం వెలుగులో చూసుకుంది. "ముప్ఫై ఏళ్లలో ఒక్క మచ్చ లేదని అందరూ అంటారు. ఫోటోలో మీరు కాస్త నవ్వండి, మీదేమో ఏడుపు మొహం పడుతుంది ప్రతిసారీ."

ఆయన నీళ్లు తాగాడు. దాహం లేకపోయినా ఇంకో గ్లాసు తాగాడు.

తెల్లారేసరికి ఆయనకు ఒక ఉపాయం తట్టింది. తట్టగానే గుండెల మీంచి బరువు దిగినట్టయింది కూడా. ఎవరికీ చెప్పక్కర్లేదు, బోల్టు దించేస్తే చాలు. అంకె దానంతటదే సరిపోతుంది, అమ్మాయి ఉద్యోగం నిలబడుతుంది, చొక్కా ఇస్త్రీ చెడదు.

షిఫ్టు మొదలుకాకముందే స్పానరు జేబులో వేసుకుని మెట్లెక్కాడు. తుప్పు పట్టిన నట్టు మొదట మొరాయించింది. నూనె వేసి, కాసేపు ఆగి, స్పానరు మీద ఒళ్లంతా వాల్చాడు. పదకొండు చుట్లు. ఇనప చెయ్యి మెల్లగా దిగి దిమ్మ మీద కూర్చుంది. స్విచ్చి కూడా పాత చోటికి జరిపి, ఒక పరుగులో టర్బైను దగ్గరికి వెళ్లి స్క్రూడ్రైవరు చెవికి పెట్టుకున్నాడు. తేడా ఏమీ లేదు. మొహం తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం ల్యాబుకి వెళ్తే అక్కడ పండగలా ఉంటుందనుకున్నాడు. ల్యాబమ్మ సింకు దగ్గర నిలబడి గాజు సామానంతా కడుగుతోంది. మూడు సీసాల శాంపిళ్లు వరసగా ఉన్నాయి.

"నలభై ఎనిమిది వచ్చింది బాబాయ్."

"అబ్బ! మంచిదేగా, ఇంక గొడవ లేదు."

"మూడు సార్లు చేశాను. కొత్త యాసిడ్ సీసా తెరిచి చేశాను. మూడు సార్లూ నలభై ఎనిమిదే." ఆమె గొంతులో సంతోషం లేదు. "ఏం మంచిది? నిన్నటిదాకా నలభై అయిదు రాసిన చెయ్యి ఎవరిది?"

"చెయ్యన్నాక ఒక రోజు ఒకలా..."

"నా చెయ్యి ఒక రోజు ఒకలా ఉండదు. మీకు తెలీదా?"

అంతలో మేనేజరు వచ్చాడు. అంకె చూసి, మొహం చేటంత చేసుకున్నాడు.

"చూశారా గురువుగారూ! కాస్త గట్టిగా చెబితే చెయ్యి కుదురుకుంది. అంటే ఇన్నాళ్లూ ధ్యాస పెట్టి చెయ్యలేదనేగా?" తర్వాత ల్యాబమ్మ వైపు తిరిగి, నొప్పించకూడదన్నట్టు గొంతు తగ్గించాడు. "ఇంక అనుమానం లేదమ్మా. ఏడు నెలల అంకెలన్నీ నలభై ఎనిమిదికి సవరించి పైకి పంపేస్తాం. మీ ఉత్తరం మాత్రం మార్చలేను. ఇవాళ్టి ఫలితమే దానికి రుజువు."

ఆ అమ్మాయిని కాపాడాననుకుని డాక్టరుగారు తిప్పిన పదకొండు చుట్లే ఆమెకు ఉచ్చు బిగించాయి.

ఆ వెంటనే చెప్పేసి ఉంటే సరిపోయేది. చెప్పలేదు. నాలుక మీదకి వచ్చిన మాటను మింగి, టర్బైను పిలిచినట్టు గబగబా వెళ్లిపోయాడు. మర్నాడు టీకి కూడా పోలేదు. తేలు కుట్టిన దొంగలా ల్యాబు ఉన్న వరండా తప్పించి, చుట్టూ తిరిగి కంట్రోలు రూముకి వెళ్లాడు.

ల్యాబమ్మే ఆయన్ను వెతుక్కుంటూ వచ్చింది. చంకలో నోటు పుస్తకం, చేతిలో ఫ్లాస్కు. ఫ్లాస్కు కంట్రోలు బల్ల చివర పెట్టి పుస్తకం తెరిచింది.

"ఇది చూడండి బాబాయ్. మొదటి రెండు నెలలూ నలభై ఎనిమిదే. ఇదిగో, ఈ తారీఖు నుంచి నలభై అయిదు. నిన్న మంగళవారం మళ్లీ నలభై ఎనిమిది. ఏ తారీఖున పడిందో అదే రోజు నేను కొత్త పిపెట్టు వాడటం మొదలుపెట్టాను. పాపం దాన్నే అనుమానించి మూలన పడేశాను. పిపెట్టు మార్చినా అంకె మారలేదు." ఆమె పేజీ మీంచి తలెత్తింది. "ఈ ప్లాంటులో మీకు తెలీకుండా చీమ కదలదు. మంగళవారం పొద్దున ఏదైనా మారిందా?"

డాక్టరుగారి కళ్లు ఎదురుగా వెలుగుతున్న పచ్చ దీపం మీద ఉన్నాయి.

"ఏం మారలేదమ్మా."

అంత తేలిగ్గా ఎలా వచ్చిందో ఆ మాట ఆయనకే తెలియలేదు.

"అంతేలెండి" అంది ల్యాబమ్మ. "మీరు కూడా మారలేదంటే ఇంకెవరు చెబుతారు. నా చేతిలోనే ఏదో ఉంది." టీ మూతలోకి వంపబోయింది. చెయ్యి వణికి, సగం బల్ల మీద ఒలికింది. పదిహేనేళ్లుగా చుక్క లెక్కన యాసిడ్ వదులుతున్న చెయ్యి అది. ఆమె తన చెయ్యి వైపే కాసేపు చూసుకుని, దాన్ని రెండో చేత్తో పట్టుకుంది. "నిన్నటి నుంచీ ఇలాగే ఉంది బాబాయ్. నాకే నమ్మకం పోయింది."

ఆమె బల్ల తుడిచి వెళ్లిపోయింది. మిగిలిన అరమూత టీ ఆయన ముందు చల్లారింది. ముప్ఫై ఒక్క ఏళ్లలో ఏ యంత్రం మీదా చెయ్యి చేసుకోని మనిషి, ఒక మనిషి చేతిని పాడు చేశాడు.

గురువారం పదింటికి సమావేశం. హెడ్డాఫీసు మేడమ్ నడివయసు మనిషి. కళ్లజోడు తీసి కాగితాలు చదివి, పెట్టుకుని మనుషుల్ని చూస్తోంది. మేనేజరు ఏడు నెలల సవరణ పట్టిక ఆమె ముందుకు జరిపాడు. ల్యాబమ్మ చివరి కుర్చీలో, చేతులు ఒళ్లో దాచుకుని కూర్చుంది. డాక్టరుగారిని ఎవరూ పిలవలేదు. ఆయన షిఫ్టు లాగ్ పుస్తకం గుండెలకు అదుముకుని లోపలికి వచ్చి, తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"ఆ అమ్మాయి రాసిన నలభై అయిదు నిజమండీ. మొన్నటి నలభై ఎనిమిదీ నిజమే. మధ్యలో అబద్ధం నాది."

పుస్తకం బల్ల మీద తెరిచాడు. పొద్దున్నే రాసిన ఆరు వాక్యాలున్నాయి అందులో: బోల్టు ఎప్పుడు ఎత్తిందీ, ఎంత ఎత్తిందీ, స్విచ్చి ఎలా జరిపిందీ, మంగళవారం ఎన్ని చుట్లు దించిందీ. నంబర్లు అచ్చేసిన పేజీలు, చింపితే తెలిసిపోతుంది. ఆయన ఏరి కోరి అందులోనే రాశాడు.

మేనేజరు మొహంలో నవ్వు మొదటిసారి ఆరిపోయింది. లేచి ఆయన దగ్గరికి వచ్చాడు. "గురువుగారూ, రెండు నెలల్లో హాయిగా వెళ్లిపోయేవారు. ఇప్పుడు అంకె బాగుంది, గేటు బాగుంది. ఎందుకు పాతవన్నీ తవ్వడం?"

"పాతది కాదు బాబూ. ఏడు నెలల పొగ పైకి పోయింది. అది పోలేదని మీరు కాగితం మీద రాస్తే, పోయింది తిరిగొస్తుందా?" ఆయన ల్యాబమ్మ వైపు వేలు చూపించాడు. "పోయినదాన్ని సరిగ్గా లెక్కపెట్టింది ఈ అమ్మాయి ఒక్కతే."

మేడమ్ కళ్లజోడు పెట్టుకుంది. "చూపించగలరా?"

జవాబు ల్యాబమ్మ చెప్పింది. ఆయన వైపు చూడకుండా, చాలా మామూలుగా. "బోల్టు మళ్లీ పైకి తిప్పమనండి. రెండు గంటల తర్వాత శాంపిలు తీస్తాను. తర్వాత దించమనండి. మళ్లీ తీస్తాను."

నలుగురూ మెట్లెక్కారు. డాక్టరుగారు అందరి ముందూ మోకాళ్ల మీద కూర్చుని పదకొండు చుట్లు పైకి తిప్పి, దిమ్మకీ చేతికీ మధ్య రెండు వేళ్లు పెట్టి చూపించాడు. మేడమ్ కూడా తన వేళ్లు పెట్టి చూసింది. రెండు గంటల తర్వాత ల్యాబమ్మ శాంపిలు పట్టుకున్నాక, ఆయన మళ్లీ పదకొండు చుట్లు దించాడు.

అప్పుడు మేడమ్ ఇంకొకటి అడిగింది. "గేటు పూర్తిగా మూసి ఉండగా ఫ్యాను ఆపితే ఏమవుతుంది?"

డాక్టరుగారు మెట్లు దిగి టర్బైను దగ్గరికి వెళ్లాడు. ఆయన ఏడు నెలలు భయపడింది దానికే. స్క్రూడ్రైవరు బేరింగు మీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని, కళ్లు మూసుకున్నాడు. ఫ్యాను ఆపారు. పైన కొత్త స్ప్రింగు గేటును ధనామని తెరిచింది. మూలుగు కోసం ఎదురు చూశాడు. రాలేదు. టర్బైను ఎప్పటిలాగే తన పాట తాను పాడుకుంటోంది. ఆ రెండు వేళ్ల ఊపిరి దానికి ఎన్నడో అక్కర్లేకుండా పోయింది. అది ఆయన ఒక్కడికే కావల్సి వచ్చింది.

మేడమ్ మేనేజరుతో రెండే మాటలు చెప్పింది. శాంపిళ్లలో తేడా కనబడగానే ఏడు నెలల అంకెలు ఉన్నవి ఉన్నట్టే పైకి వెళ్లాలి. ఉత్తరం వెనక్కి తీసుకోవాలి, కాంట్రాక్టు కొనసాగించాలి. ఇక డాక్టరుగారి మీద విచారణ ఉంటుంది. అది తేలేదాకా ఆయన యంత్రం మీద చెయ్యి వెయ్యకూడదు. ఆయన తలూపి, స్క్రూడ్రైవరు మేనేజరు చేతికిచ్చాడు. ఇంట్లో హ్యాంగరుకి వేలాడుతున్న చొక్కా గుర్తొచ్చింది. ఆవిడకు ఏం చెప్పాలో ఇంకా తెలియలేదు, కానీ చెప్పడానికి భయం వెయ్యలేదు.

ఇంటికి పోబోతూ ల్యాబు తలుపు దగ్గర ఆగాడు. ల్యాబమ్మ మొదటి శాంపిలు మీద యాసిడ్ వదులుతోంది. చెయ్యి ఇంకా కొంచెం వణుకుతోంది; మోచెయ్యి బల్లకు ఆనించి, ఓపిగ్గా, చుక్క తర్వాత చుక్క వదిలింది. ద్రావణం పొంగింది. రంగు నీళ్లు దిగి, ఆగాయి.

"నన్ను క్షమించమ్మా అని అడగడానికి కూడా..." అన్నాడాయన.

"లోపలికి రండి" అంది ఆమె. గొంతులో కోపం ఉంది, దాచలేదు కూడా. గొట్టం ముందు నుంచి పక్కకి జరిగింది. "గీత మీరు చదవండి."

ఆయన కళ్లజోడు తుడుచుకుని, వంగి, ఆమె చేసినట్టే ఒక కన్ను మూసి చదివాడు. "నలభై అయిదు."

ఆమె నోటు పుస్తకంలో అంకె రాసి, పక్కన సాక్షి సంతకానికి గీత గీసి, పెన్ను ఆయన చేతిలో పెట్టింది.

"ఈసారి చూసి పెట్టండి, బాబాయ్."

ఆయన మళ్లీ వంగి గొట్టం చూసి, అప్పుడు సంతకం పెట్టాడు.